రంగు పూసిన మోటారు

ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలోకి కొత్తగా రావాలనుకునే పిల్లలు నాకు ఫోన్లు చేస్తుంటారు. "మేడం, ప్రైవేటు కాలేజీలో చేరమంటారా, వద్దంటారా?" అని అడుగుతారు. చేరమంటే రేపు తిట్టుకుంటారేమోనని భయం. వద్దంటే నేను ఇన్నేళ్లు తిన్న తిండికి ద్రోహం చేసినట్టుంటుంది. అందుకని ఫోన్లో తేల్చకుండా ఇది రాస్తున్నాను. చదివి మీరే తేల్చుకోండి.

నా పేరు షమీమ్. మనుబోలు దాటాక హైవే పక్కన ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో రిటైరయ్యేదాకా ఎలక్ట్రికల్ మెషీన్స్ చెప్పాను. నా ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. అవి ఎప్పుడొచ్చాయో నాకే సరిగ్గా గుర్తులేదు, మీకెందుకు?

చేతికి నూనె

మా నాయనకు నెల్లూరులో మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉండేది. రైతులు కాలిపోయిన బోరు మోటార్లను స్కూటర్ వెనక కట్టుకుని తెచ్చేవాళ్లు. వార్నిష్ వాసన మధ్యే నేను ఎక్కాలు నేర్చుకున్నాను. కానీ ఉద్యోగం నేర్పింది మాత్రం మా మొదటి ప్రిన్సిపాల్ రామసుబ్బయ్య గారు. ప్రభుత్వ కాలేజీలో రిటైరై మా దగ్గరికి వచ్చిన మనిషి. చండశాసనుడు. ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే క్యాంటీన్‌లో టీ గ్లాసులు కూడా నిశ్శబ్దంగా ఉండేవి.

కొత్త లెక్చరర్ ఎవరొచ్చినా మొదటిరోజు క్లాసుకు పంపేవారు కాదు. ల్యాబ్‌కి తీసుకుపోయి ఒక మోటారు చూపించి, విప్పి మళ్లీ బిగించమనేవారు. నేను కొంగు నడుముకు దోపుకుని కూర్చుని పని కానిచ్చాను. చివర్న తీగలకు నేను వేసిన ముడి చూసి, "ఈ ముడి పుస్తకాల్లో ఉండదే. ఎవరు నేర్పారు?" అన్నారు. మా నాయన షాపు సంగతి చెప్పాను. "అయితే సగం ఉద్యోగం నీకు ఇంట్లోనే వచ్చేసిందమ్మా. మిగతా సగం పిల్లలు నేర్పుతారు" అన్నారు. ఆ రెండో మాట అప్పుడు అర్థం కాలేదు.

ఆయన హయాంలో ప్రాక్టికల్ పరీక్ష అంటే పరీక్షే. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కి భోజనం ఎప్పుడు పెట్టాలో కూడా ఆయనే చెప్పేవారు. పిల్లలందరినీ అడగడం పూర్తయ్యాకే విస్తరి. మోటారు ఆడించలేనివాడు మళ్లీ రావలసిందే, వాడు ఎమ్మెల్యే గారి మేనల్లుడైనా సరే. చేతికి నూనె అంటనివాడికి మార్కులు అంటవు అని ఆయన మాట. నేను ఈ వృత్తిలో గౌరవంగా బతికానంటే ఆ మనిషి పెట్టిన భిక్షే. ఇప్పుడు ఆయన లేరు. ఉంటే ఈ వ్యాసంలో తప్పులు దిద్ది వెనక్కి పంపేవారు.

వసారాలో అయిదు కాలేజీలు

మా అల్లూరు వైపు ఒక రైతు వరిచేను తవ్వి రొయ్యల గుంట వేసి నాలుగు డబ్బులు చూశాడు. మరుసటేడు పక్కవాడు తవ్వాడు. ఆ తర్వాత ఊరు ఊరంతా తవ్వింది. అందరిదీ ఒకటే కాలవ, ఒకటే నీళ్లు. ఒక గుంటకు తెగులు వస్తే అన్నిటికీ వచ్చింది. కాలేజీలదీ అంతే. నేను చేరినప్పుడు జిల్లాలో కాలేజీ పేరు చెబితే చాలు, ఎక్కడుందో అందరికీ తెలిసేది. తర్వాత తర్వాత కావలి నుంచి గూడూరు దాకా బస్సులో పోతుంటే, ఒక కాలేజీ బోర్డు చదవడం పూర్తయ్యేలోపు ఇంకో బోర్డు వచ్చేది. సీట్లు పెరిగాయి. కూర్చునేవాళ్లు పెరగలేదు.

అప్పుడు మాకు కొత్త పని పడింది. మే నెల ఎండల్లో ఇంటర్ పాసైన పిల్లల ఇళ్లకు తిరగడం. ఎవరు ఎంతమందిని చేర్పిస్తే వాళ్ల ఉద్యోగం అంత గట్టిది. ఒకసారి మనుబోలు దగ్గర పల్లెలో ఒక ఇంటికి పోతే, వసారాలో అప్పటికే నాలుగు కాలేజీల లెక్చరర్లు కూర్చుని ఉన్నారు. అందులో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ ఇచ్చారు. ఆ ఇంటి అవ్వ అందరికీ మజ్జిగ ఇచ్చి, మా వంక ఎగాదిగా చూసింది.

"మా మనవరాలి పెళ్లిచూపులకు కూడా ఇంతమంది రాలేదు గదయ్యా. మీ కాలేజీలకు అంత కరువొచ్చిందా?" అంది.

ఒకాయన ఏసీ బస్సు ఉందన్నాడు, ఒకాయన ల్యాప్‌టాప్ ఇస్తామన్నాడు. నా వంతు వచ్చేసరికి, "మేం మోటార్లు విప్పడం నేర్పుతాం అవ్వా" అన్నాను. అవ్వకు నచ్చింది. పిల్లవాడికి మాత్రం ఏసీ బస్సు నచ్చింది. వాడి తప్పు లేదు, ఆ రోజు ఎండ అలా ఉంది.

పిల్లలు పూర్వంలా లేరని, చదవరని మా తోటివాళ్లు విసుక్కుంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. పిల్లలు ఎప్పుడూ పిల్లలే. అన్ని కాలేజీలకు సరిపడా చెప్పేవాళ్లు మన దగ్గర లేరు, అసలు జబ్బు అది. మోటారు ముట్టుకోకుండా నిన్న పాసైనవాడే ఇవాళ మోటార్ల పాఠం చెప్పడానికి వచ్చాడు. వాడు చెప్పింది విన్నవాడు రేపు వస్తాడు. ఉద్యోగం పోతుందన్న భయంతో మేమందరం దానికి తలా ఒక చెయ్యి వేశాం.

ప్రాక్టికల్ పరీక్షలు మర్యాదలుగా మారిపోయాయి. మా కాలేజీకి వచ్చిన ఎగ్జామినర్ మా పిల్లలకు యాభైకి నలభై ఎనిమిది వేస్తాడు. మేం వాళ్ల కాలేజీకి పోయి వాళ్ల పిల్లలకు నలభై ఎనిమిది వేస్తాం. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ఇక తనిఖీలప్పుడు చూడాలి తమాషా. మా యాజమాన్యానికి ఇంకో కాలేజీ కూడా ఉండేది. తనిఖీ ఎక్కడుంటే అక్కడికి యంత్రాలు లారీలో పోయేవి. పెళ్లికి షామియానా, కుర్చీలు అద్దెకు తెచ్చినట్టన్నమాట. అవి తిరిగి రావడానికి మాత్రం తొందరేమీ ఉండేది కాదు.

పాస్ అయిన పిల్ల

లావణ్యది బోగోలు వైపు సముద్రం ఒడ్డున ఒక పాళెం. తండ్రి పడవ మీద వేటకు పోతాడు, తల్లి చేపలు కావలి మార్కెట్‌కు తీసుకుపోతుంది. ఆ పాళెంలో ఇంజనీరింగ్‌కు వచ్చిన మొదటి ఆడపిల్ల. మా కాలేజీ ఎలక్ట్రికల్ బ్రాంచిలో చిట్టచివరి బ్యాచ్ వాళ్లది. గుప్పెడు మందే ఉండేవాళ్లు. వాళ్ల తర్వాత అడ్మిషన్లు ఆపేసి, అన్నీ కంప్యూటర్ సీట్లు చేసేశారు. ఆమె క్లాసులో ఎప్పుడూ ఫస్టే.

మూడో సంవత్సరం అయిపోయి సెలవులకు పోయి వచ్చాక, ఒకరోజు స్టాఫ్ రూములో నా బల్ల దగ్గర నిలబడింది. కూర్చోమంటే కూర్చోదు. చివరికి సంగతి బయటికి వచ్చింది.

వాళ్ల మేనమామ అల్లూరు దగ్గర రొయ్యల గుంట కౌలుకు చేస్తాడు. ఈమె అక్కడ ఉన్నప్పుడు ఒకరోజు మబ్బు పట్టింది. మబ్బు పడితే నీళ్లలో గాలి తగ్గిపోతుంది, రొయ్యలు తేలిపోతాయి. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆడుతుండాలి. సరిగ్గా అప్పుడే ఒక మోటారు మూలిగి ఆగిపోయింది. గట్టు మీదున్న వాళ్లంతా, "మన ఇంజనీరమ్మ ఉంది గదా" అని దారి ఇచ్చారు.

"మోటారు ముందర కూర్చున్నాను మేడం. మూత తీసినాను. లోపల ఏది ఏందో ఒక్కటీ తెలవలా. నా రికార్డులో దాని బొమ్మ ఎంత బాగా ఏసినానో మీకు తెలుసు గదా" అంది.

పక్క గుంట వాళ్లు తమ దగ్గరున్న మోటారు ఒకటి తెచ్చి బిగించారు కాబట్టి పంట దక్కింది. మేనమామ కోప్పడలేదట. సాయంత్రం అన్నం దగ్గర మాత్రం, "పోనీలే తల్లీ, మీ కాలేజీలో ఇట్టాంటి మోటార్లు ఉండవేమోలే" అన్నాడట.

ఆయన ఓదార్పుగా అన్నాడు. కానీ అది అక్షరాలా నిజం. మా ల్యాబ్ మోటార్లు లారీ ఎక్కి పోయి అప్పటికి చాలా కాలమైంది. వీళ్లు పాత బ్యాచ్ రికార్డుల్లోంచి రీడింగులు ఎక్కించుకుని పాసైపోయారు.

"అన్నిటిలో పాసైనాను. నాకేం వచ్చో, ఏం రాదో మాత్రం తెలవదు. ఇట్టానే డిగ్రీ చేతికొస్తే ఇంటికి పోయి ఏం చెప్పుకోను మేడం?" అని అడిగింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను నాలుగు మాటలు చెప్పి పంపేసేదాన్నేమో.

ఆదివారాలు

యంత్రాలు వెనక్కి తెప్పించమని కరస్పాండెంట్ గారి దగ్గరకు పోయాను. కాలేజీ పెట్టిన మనిషి ఆయన. రైసు మిల్లుతో మొదలుపెట్టి పైకొచ్చారు. తనకు చదువు అబ్బలేదన్న బాధతో కాలేజీ కట్టారంటే ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, నేను నమ్ముతాను. మా ఆయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు, మద్రాసు ఆస్పత్రికి తన కారు పంపి, మేం వచ్చేదాకా డ్రైవర్‌ను అక్కడే ఉంచారు. అలాంటి మనిషిని విలన్ అనడానికి నాకు నోరు రాదు.

"ఈ నలుగురి కోసం లారీ ఎందుకు మేడం? బ్రాంచే ఎత్తేస్తా ఉండాం గదా. ఆడ తనిఖీ ఉంది. పరీక్ష రోజుకు మాత్రం ఒక మోటారు పంపిస్తాలే" అన్నారు.

అప్పుడు సుధాకర్ గుర్తొచ్చాడు. కొన్నేళ్లు నాతో పనిచేసి, తర్వాత ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఉద్యోగం తెచ్చుకున్నాడు. అతని ల్యాబ్‌లో యంత్రాలన్నీ పాతవే గానీ అన్నీ పనిచేస్తాయి. ఫోన్ చేసి విషయం చెప్పాను. "ఆదివారాలు పిల్లలను తీసుకురండి మేడం, ప్రిన్సిపాల్‌కు నేను చెప్పుకుంటాను. నేనుంటా" అన్నాడు. ఎందుకు, ఏమిటి అని అడగలేదు.

కరస్పాండెంట్ గారికి చెప్పకుండా చెయ్యడం నాకిష్టం లేదు. చెప్పాను. ఆయన, "ఆదివారం మీ ఇష్టం. బస్సు మాత్రం అడగొద్దు" అన్నారు. మొదటి ఆదివారం పిల్లలు ఆర్టీసీ బస్సుల్లో, షేర్ ఆటోల్లో చేరుకున్నారు. తర్వాతి ఆదివారం మేం ఎదురుచూస్తుంటే కాలేజీ బస్సు వచ్చి ఆగింది. ఎవరు పంపారని అడిగితే, "పెద్దాయన పొమ్మన్నాడు మేడం, మీకు చెప్పొద్దన్నాడు" అని చెప్పేశాడు డ్రైవర్.

నా ఉద్యోగంలో అంత సుఖపడిన రోజులు లేవు. పులిహోర పొట్లాలు, చేతులనిండా గ్రీజు. మొదటివారం షాక్ కొడుతుందని వైరు పట్టుకోవడానికి భయపడ్డ మగపిల్లలు కూడా నెల తిరిగేసరికి నన్ను పక్కకు జరగమన్నారు. లావణ్య అన్ని మోటార్లూ విప్పింది. రామసుబ్బయ్య గారి రెండో మాట నాకు అప్పుడు బోధపడింది. వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు తెలియక నేను ఇంటికి పోయి మళ్లీ పుస్తకాలు తీశాను.

పరీక్ష రోజు

చివరి ప్రాక్టికల్ పరీక్ష రోజున, అన్న మాట ప్రకారం లారీలో మోటారు వచ్చింది. వెండిలా ధగధగలాడుతోంది. యాజమాన్యం వాళ్ల రెండో కాలేజీలో తనిఖీ కోసం యంత్రాలన్నిటికీ రంగు వేయించారట. మనుషులు దాన్ని మోసుకొచ్చి ఇనప చట్రం మీద బిగించి పోయారు.

ఎగ్జామినర్ కావలి వైపు కాలేజీ నుంచి వచ్చారు. నెమ్మదైన మనిషి. మా ఆఫీసు వ్యవహారాలు చూసే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ (ఏవో) గారు ఆయనను మర్యాదగా కూర్చోబెట్టి, "సార్, కొరమీను పులుసు తెప్పించినాం. సంతకాలు అయిపోతే వేడివేడిగా తినేయొచ్చు" అన్నారు. ఆయన జేబులోంచి పెన్ను తీశారు.

లావణ్య ముందుకు వచ్చింది.

"సార్, నన్ను అడగండి" అంది.

"ఏం అడగమంటావమ్మా?"

"పరీక్ష సార్. మోటారు ఆడించమనండి, ప్రశ్నలు అడగండి."

ఏవో గారు నా వంక చూశారు. నేను మోటారు వంక చూశాను. ఎగ్జామినర్ కాస్త ఇబ్బందిగా నవ్వారు. "నేను అడిగితే మార్కులు తగ్గుతాయి. తెలుసునా?" అన్నారు.

"తెలుసు సార్. అడగండి."

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నారు. తర్వాత చేతి గడియారం విప్పి అదీ జేబులో వేసుకున్నారు. కరెంటు ల్యాబ్‌లో పని మొదలుపెట్టే ముందు పాతకాలం వాళ్లు చేసే పని అది. అది చూడగానే నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

లావణ్య కనెక్షన్లు ఇచ్చింది. ఒక స్నేహితుణ్ని మెయిన్ స్విచ్ దగ్గర నిలబెట్టి, స్టార్టర్ పిడిని నెమ్మదిగా జరిపింది. మోటారు కదల్లేదు. మళ్లీ చేసింది. కదల్లేదు. "పాత మోటారు సార్ అది, పోనీండి" అని ఏవో గారు మధ్యలోకి వచ్చారు. లావణ్య వినిపించుకోలేదు. సప్లై వస్తోందో లేదో చూసింది. వస్తోంది. స్విచ్ ఆపించి, మోటారు పక్క మూత విప్పి, వంగి చూసింది.

"సార్, లోపల కూడా పెయింటేసినారు" అంది.

మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే రాగి చుట్టు ఒకటి ఉంటుంది. కమ్యుటేటర్ అంటాం. దాన్ని ఆనుకుని కార్బన్ బ్రష్షులు ఉంటాయి. ఆ రాగి ఎంత శుభ్రంగా ఉంటే మోటారు అంత బాగా ఆడుతుంది. రంగులు వేసిన మహానుభావుడెవరో పనిమంతుడు. మోటార్లన్నీ మెరవాలని చెప్పారు కదా అని, మూత తీసి, ఇరుసును చేత్తో తిప్పి మరీ ఆ రాగికి కూడా చుట్టూ వెండి రంగు పూశాడు. ఆ మోటారు తనిఖీలో పాసైంది కూడా.

ఎగ్జామినర్ వంగి చూసి పకపకా నవ్వారు. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. "మా కాలేజీలో కూడా ఇట్టానే ఉండాయేమో. నేనెప్పుడూ మూతలు తీసి చూడలేదు" అన్నారు నెమ్మదిగా.

ఒక పిల్లవాడు పరుగున పోయి వర్క్‌షాపులోంచి ఎమిరీ పేపర్ తెచ్చాడు. "ఇది కాదు, శాండ్ పేపర్ తీసుకురా" అని వాణ్ని వెనక్కి పంపింది లావణ్య.

"ఎమిరీ ఎందుకు వద్దన్నావు?" అన్నారు ఎగ్జామినర్.

"ఆ పొడిలో కరెంటు పారుతుంది సార్. రాగి ముక్కల సందుల్లో పడితే షార్ట్ అవుతుంది."

"మంచిది. కానివ్వు."

రంగంతా గీకి, తుడిచి, బ్రష్షులు సర్ది, మూత పెట్టింది. చేతులు, ముక్కు, చున్నీ అంతా వెండి పొడి. ఈసారి పిడి జరపగానే మోటారు చిన్నగా గురగురమని, వేగం అందుకుని తిరిగింది. నాకు కళ్లవెంట నీళ్లొచ్చాయి. దాచుకోలేదు, దాచుకోవలసిన అవసరమూ కనిపించలేదు.

ఎగ్జామినర్ మాత్రం ఇంకా వదల్లేదు. "ఇట్టా ఉత్తగా తిరుగుతున్నప్పుడు ఫీల్డు వైరు తెగిందనుకో. ఏమవుతుంది?"

లావణ్య ఆలోచించింది. "ఆగిపోతుంది సార్."

"ఆగదమ్మా. అదుపు తప్పి పరిగెత్తుతుంది, పగిలి మీద పడుతుంది. ఈ ఒక్క జవాబు తప్పైతే మనుషుల ప్రాణాలు పోతాయి."

ఫీల్డు అంటే మోటారులో అయస్కాంతాన్ని పుట్టించే తీగచుట్ట. అది తెగితే ఎందుకు పరిగెత్తుతుందో బోర్డు మీద బొమ్మ వేసి ఆయనే చెప్పారు. పిల్లలంతా చుట్టూ మూగారు. ఒకరి తర్వాత ఒకరు తమనూ అడగమన్నారు. ఇద్దరు మాత్రం పులుసు చల్లారిపోతుందని భోజనానికి పోయారు. పాత మర్యాద ప్రకారం ఆ ఇద్దరికీ నలభై ఎనిమిదే పడ్డాయి. పరీక్ష ముగిసేసరికి సాయంత్రమైంది. ఎగ్జామినర్ చల్లారిన పులుసుతో అన్నం తిని, చాలా రోజులకు ఆకలితో తిన్నానన్నారు.

లావణ్యకు ముప్పై ఏడు వేశారు. ఏవో గారు లబోదిబోమన్నారు. "సార్, క్లాసు ఫస్టు సార్ ఆ పిల్ల. డిస్టింక్షన్ పోతుంది. కొంచెం పెంచండి" అని బతిమాలారు. ఎగ్జామినర్ కూడా మెత్తబడి మళ్లీ పెన్ను తీశారు. లావణ్య అక్కడే ఉంది.

"వద్దు సార్. ఆ తప్పు ఇంక జన్మలో చెయ్యను. మార్కులు అట్టానే ఉండనీండి" అంది.

ఆ ఏడాదితోనే బ్రాంచీ మూతపడింది, నేనూ రిటైరయ్యాను. లావణ్య ఇప్పుడు రొయ్యలు శుద్ధి చేసే ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తోంది. ఈ ఉద్యోగంలో చేరాలా వద్దా అని అడిగే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. కాలేజీ ఎలాంటిదైనా కావచ్చు, అడగమని ముందుకొచ్చే పిల్ల ఒకతె ఎప్పుడో ఒకనాడు వస్తుంది. ఆ రోజుకు మీ దగ్గర చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి. నా దగ్గర ఉండేలా చేసినవాళ్లందరికీ, మా నాయన మొదలు సుధాకర్ దాకా, చేతులెత్తి మొక్కుతున్నాను.

ఆ పరీక్ష రోజు సాయంత్రం ల్యాబ్ తాళం వేసి బయటికి వస్తుంటే లావణ్య వరండాలో నా కోసం నిలబడి ఉంది. ముక్కు మీద వెండి పొడి ఇంకా పోలేదు. డిస్టింక్షన్ పోయినందుకు బాధపడుతోందేమోనని, "దిగులు పడొద్దమ్మా" అన్నాను.

"దిగులెందుకు మేడం. ఈ నాలుగేళ్లలో వచ్చిన మార్కులన్నిటిలో ఈ ముప్పై ఏడే నావి" అంది.